అమ్మానాన్నలతో క్విటో వెళ్తున్నారా? దిగిన రోజే కొండెక్కకండి

మీరు అడిగింది ఇదీ: న్యూజెర్సీ నుంచి ఆగస్టులో గాలపాగస్ దీవులకి వెళ్తున్నారు. వెంట గుంటూరు నుంచి వచ్చిన అమ్మా నాన్నా. ఇద్దరికీ అరవై దాటాయి, అమ్మగారు శాకాహారి, నాన్నగారు బీపీ మాత్రలు వేసుకుంటారు. దారిలో ఈక్వడార్ రాజధాని క్విటోలో రెండున్నర రోజులు ఆగుతున్నారు. మొదటి రోజు కేబుల్ కారు, కొండమీది విగ్రహం. రెండో రోజు భూమధ్యరేఖ, ఒతవాలో సంత. మిగిలిన పూట పాత ఊరు. ఇలా అనుకుంటున్నారు, సరిపోతుందా అని.

రోజులు సరిపోతాయండి. ప్లానే తలకిందులుగా ఉంది. ఆఖర్న పెట్టుకున్న పాత ఊరిని ముందుకి తెచ్చి దానికి రెండు ఉదయాలు ఇవ్వండి, మొదట పెట్టిన కేబుల్ కారుని చివరికి తోసేయండి, ఒతవాలో కొట్టేయండి (పోను రెండు గంటలు, రాను రెండు గంటలు, మీ నాన్నగారు ఆ సంతలో కూర్చోడానికి అరుగు వెతుక్కుంటారు). నేను ఒక మందుల కంపెనీ తరఫున ఐదేళ్లు క్విటోలో ఉన్నాను, ఇప్పటికీ పనిమీద వెళ్తుంటాను. ఆఫీసువాళ్లనీ, చుట్టాలనీ, ఒకసారి మా అత్తగారినీ మామగారినీ ఆ ఊరంతా తిప్పాను. ఎవరెక్కడ కూలబడతారో నాకు బాగా తెలుసు.

ముందు ఎత్తు సంగతి, ఎందుకంటే మిగతా ప్లానంతా దాని మీదే ఆధారపడి ఉంది. క్విటో 2,850 మీటర్ల ఎత్తున ఉంది. సుమారుగా చెప్పాలంటే తిరుమల కొండని ఒకదాని మీద ఒకటి మూడుసార్లు పేర్చినంత. ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదాంట్లో ముప్పావు వంతు కూడా ఉండదు. విమానం దిగిన గంటలో ఏమీ అనిపించదు, అదే మోసం. రాత్రికి తల బరువెక్కుతుంది, నిద్ర సరిగ్గా పట్టదు, మెట్లెక్కితే గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తుంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు, అప్పటికి ముప్పై రెండేళ్లు నాకు, రోజూ పరిగెత్తేవాణ్ణి, దిగిన మర్నాడే కేబుల్ కారెక్కాను. అది 3,100 మీటర్ల దగ్గర బయల్దేరి దాదాపు 3,950 దగ్గర దింపుతుంది. పైన ఫోటోలు దిగాను, కాఫీ తాగాను, కిందకొచ్చాక టాక్సీ ఆపించి రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాను. ఆ డ్రైవరు నన్ను చూసి నవ్వలేదు, పాపం, రోజూ చూసేదే కాబోలు.

కాబట్టి మొదటి పూట ఏమీ పెట్టుకోకండి. నీళ్లు బాగా తాగించండి, రాత్రి భోజనం తేలిగ్గా కానివ్వండి, మీరు కూడా ఆ రోజుకి బీరు మానేయండి. ఎత్తు పడక వచ్చే ఇబ్బందులకి వాడే ఎసిటజోలమైడ్ మాత్ర గురించి మీ డాక్టరుని అడగండి, తెలిసినవాళ్లు చెప్పారని వేసేసుకోవద్దు. అది ఒంట్లో నీటిని బయటికి పంపే మందు, నాన్నగారి బీపీ మాత్రలతో పొసగుతుందో లేదో చూడాలి, సల్ఫా పడనివాళ్లకి అసలు పనికిరాకపోవచ్చు. ఇంకో చిట్కా: విమానాశ్రయం ఊళ్లో లేదు, 2013లో తూర్పున తబబేల అనే చోటికి మార్చారు, అది 2,400 మీటర్లే. మీ విమానం రాత్రి పొద్దుపోయాక దిగేదైతే ఆ రాత్రి అక్కడే దగ్గర్లో పడుకుని తెల్లారాక ఊళ్లోకి రండి. నాలుగొందల మీటర్ల తేడా వినడానికి చిన్నదే, పెద్దవాళ్ల నిద్రకి మాత్రం చిన్నది కాదు.

ఎక్కడ దిగాలి అంటే, నేనైతే పాత ఊళ్లోనే అంటాను, ప్లాసా గ్రాందేకో సాన్ ఫ్రాన్సిస్కో చౌకుకో నాలుగడుగుల దూరంలో. కొత్త ఊళ్లో హోటళ్లు సౌకర్యంగా ఉంటాయి, కాదనను, కానీ పాత ఊళ్లో ఉంటే పొద్దున్నే తిరిగి, పన్నెండింటికి గదికొచ్చి, ఒక కునుకు తీసి మళ్లీ మూడింటికి బయటికి రావచ్చు. అరవై దాటినవాళ్లతో ప్రయాణంలో మధ్యాహ్నం మంచం దగ్గర్లో ఉండటం కంటే పెద్ద సౌకర్యం లేదు. ఒకటే షరతు: చీకటి పడ్డాక వీధుల్లో నడకలు వద్దు. భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాది పొడుగునా ఆరుంపావు, ఆరున్నర మధ్య చీకటి పడిపోతుంది, కొట్లు మూస్తారు, వీధులు ఖాళీ అవుతాయి. రాత్రి భోజనానికి వెళ్లినా హోటలు వాళ్లని టాక్సీ పిలవమనండి.

ఇక పాత ఊరు. 1978లో యునెస్కో మొట్టమొదటిసారి ప్రపంచ వారసత్వ జాబితా వేసినప్పుడు అందులో ఉన్నవి పన్నెండే, వాటిలో క్విటో ఒకటి. మీరు తర్వాత చూడబోయే గాలపాగస్ కూడా ఆ పన్నెండులోదే. అయితే నాన్నగారు, స్పెయిన్ వాళ్లకి ముందు ఇక్కడ ఏలిన ఇంకాల కోటలూ రాతిగోడలూ ఉంటాయనుకుని వస్తే ముందే చెప్పేయండి, ఉండవు. స్పెయిన్ వాళ్లు వచ్చేలోపే ఇంకాల సేనాని రుమిన్యావి ఊరిని తగలబెట్టించాడు, వాళ్లకి దక్కకూడదని. ఆ బూడిద మీద 1534 డిసెంబరు 6న సెబాస్టియన్ దె బెలాల్కాసర్ స్పానిష్ పట్నాన్ని నిలబెట్టాడు. ఇప్పుడు మీరు చూసేదంతా ఆ తర్వాతి నాలుగైదు వందల ఏళ్లది.

పొద్దున ఎనిమిదిన్నరకి సాన్ ఫ్రాన్సిస్కో చౌకులో మొదలుపెట్టండి. వాలుగా ఉన్న పెద్ద రాతి మైదానం, చివర తెల్లటి జంట గోపురాల చర్చి. దాని ముందు అరుగు గురించి ఊళ్లో పిల్లలకి కూడా తెలిసిన కథ ఉంది. కంతున్య అనే స్థానికుడు ఆ అరుగు కట్టే కాంట్రాక్టు ఒప్పుకున్నాడట. గడువు దగ్గరపడింది, పని తెమల్లేదు, దెయ్యంతో బేరం పెట్టుకున్నాడు: తెల్లారేలోపు కట్టిస్తే నా ఆత్మ నీది, ఒక్క రాయి తక్కువైనా బేరం లేదు. దెయ్యాలు రాత్రంతా మోశాయి. తెల్లవారుతుండగా కంతున్య ఒక రాయిని దాచేశాడని కొందరు, దానిమీద దేవుడి మాట చెక్కి దెయ్యాలు ముట్టుకోకుండా చేశాడని కొందరు. ఏదైతేనేం, ఒక రాయి తగ్గింది, మనిషి బతికిపోయాడు. మా మామగారు రిటైరైన ఆర్ అండ్ బీ ఇంజనీరు, కథంతా విని "కాంట్రాక్టరు ఒక రాయి మిగుల్చుకున్నాడన్నమాట, మనకి కొత్తేముంది" అన్నారు.

అదే అరుగు మీద ఫ్రే హొదోకో రికే అనే సన్యాసి విగ్రహం ఉంటుంది. ఈ దేశానికి గోధుమ గింజలు తెచ్చి నాటినాయన. అటునుంచి ఇటు గోధుమ వచ్చింది, ఇటునుంచి మనదాకా బంగాళాదుంప, మిరపకాయ వచ్చాయి. గుంటూరు మనిషికి దక్షిణ అమెరికాతో అంతకంటే దగ్గరి చుట్టరికం ఇంకేం కావాలి.

అక్కణ్ణుంచి రెండు నిమిషాల్లో లా కొంపాన్యియా. జెస్యూట్లు అనే క్రైస్తవ సన్యాసుల చర్చి, 1605లో మొదలుపెట్టి 1765లో ముగించారు, నూటఅరవై ఏళ్లు. బయట బూడిదరంగు అగ్నిపర్వత రాయి, లోపల కాలుపెడితే నేల తప్ప అంతా బంగారు రేకు. టికెట్ కొనాలి, కొనండి, గొణగొద్దు. చాలామంది తలెత్తి బంగారం చూసి, అబ్బా అనుకుని, పది నిమిషాల్లో బయటికొచ్చేస్తారు. మీరు రెండు చూడండి. ఒకటి, గుమ్మం దగ్గరి మెలికల మెట్లు. దానికి ఎదురుగా అవతలి వైపు కూడా అచ్చం అలాంటి మెట్లే కనిపిస్తాయి, దగ్గరికెళ్తే గోడ. ఇటూ అటూ సమానంగా ఉండాలని రంగులతో వేసేశారు. రెండోది, ప్రవేశం పక్కనున్న నరకం పెద్ద బొమ్మ. ఏ పాపానికి ఏ శిక్షో పేర్లు రాసి మరీ, ఒకడి నోట్లో ఏదో పోస్తూ, ఇంకొకడిని కట్టేసి. గరుడ పురాణం బొమ్మలు చూసి పెరిగినవాళ్లకి భాష రాకపోయినా ఇట్టే అర్థమైపోతుంది. మా అత్తగారు ఆ బొమ్మ ముందు పావుగంట నిలబడ్డారు, బంగారం ముందు కాదు.

తర్వాత ప్లాసా గ్రాందే, అంటే స్వాతంత్ర్య చౌకు. ఇక్కడ ఏమీ చూడక్కర్లేదు, బెంచీ మీద కూర్చోండి. బూట్లు పాలిష్ చేసేవాళ్లు, పేపరు చదివే ముసలివాళ్లు, ఐస్‌క్రీమ్ అమ్మేవాళ్లు, ఒక పక్క కరోందెలెత్ అనే అధ్యక్షుడి భవనం. దేశాధ్యక్షుడి భవనం కింద వరసగా చిన్న చిన్న కొట్లు ఉండటం నేను ఇంకెక్కడా చూడలేదు. గాబ్రియేల్ గార్సియా మొరేనో అనే అధ్యక్షుణ్ణి 1875 ఆగస్టు 6న ఈ భవనం గుమ్మంలోనే కొడవళ్లతో నరికారు. మధ్యలో ఉన్న స్తంభం 1809 ఆగస్టు 10 నాటి మొదటి తిరుగుబాటుకి గుర్తు. మీరు ఆగస్టులో వెళ్తున్నారు కాబట్టి ఆ సెలవు మీ తేదీల్లో పడుతుందేమో చూసుకోండి, పడితే జనం, ఊరేగింపులు, కొన్ని చోట్ల తాళాలు. పక్కనే ఉన్న కథీడ్రల్లో మార్షల్ సుక్రే సమాధి ఉంది. 1822 మే 24న ఎదురుగా కనిపించే పిచించా కొండవాలు మీద స్పెయిన్ సైన్యాన్ని ఓడించినాయన ఈయనే. విమానాశ్రయానికి పేరు కూడా ఆయనదే.

రెండో ఉదయం బసీలికాకి. దూరం నుంచి యూరప్‌లో చర్చిలా ఉంటుంది, దగ్గరికెళ్లి చూరు కింద బయటికి పొడుచుకొచ్చిన బొమ్మలు చూడండి. యూరప్‌లో రాక్షసుల మొహాలు పెట్టేచోట ఇక్కడ తాబేళ్లు, ఇగువానాలు, కోతులు, ఆర్మడిల్లోలు. గాలపాగస్‌లో చూడబోయే తాబేళ్లతో, ఇగువానాలతో ముందే పరిచయం అన్నమాట. గోపురం ఎక్కొచ్చు, కానీ అమ్మానాన్నలతో కాదు. కొంతదూరం మెట్లు, ఆపైన చర్చి కప్పు మీదుగా వేసిన చెక్కల వంతెన, కాళ్ల కింద సందుల్లోంచి చీకటి కనిపిస్తుంటుంది, తర్వాత నిటారు ఇనుప నిచ్చెన. మీరొక్కరే వెళ్లి రండి, వాళ్లని కింద కాఫీ దగ్గర కూర్చోబెట్టి. 1892లో పునాదిరాయి వేసిన ఈ చర్చి ఇప్పటికీ పూర్తిగా పూర్తయిందనరు. పూర్తయిన రోజు ప్రపంచం అంతమవుతుందని ఒక నమ్మకం ఉంది. ఆ వంకతో మిగిలిన పని ఆపేసినవాడెవడో తెలివైనవాడే.

ఎల్ పనెసియో కొండ మీది రెక్కల మేరీమాత విగ్రహానికి టాక్సీలోనే వెళ్లండి, కిందనుంచి మెట్లదారి ఉంది కదా అని నడవకండి, ఆ దారిలో దోపిడీలు జరుగుతాయి. డ్రైవరుని ఉండమని అరగంటలో తిరిగి రండి. దాదాపు 7 వేల అల్యూమినియం ముక్కలతో అతికించిన విగ్రహం. దానికి మూలం బెర్నార్దో దె లెగార్దా 1734లో చెక్కిన చిన్న చెక్కబొమ్మ, అది సాన్ ఫ్రాన్సిస్కో చర్చి పెద్ద పీఠం మీద ఉంటుంది. మొదటి రోజు దాన్ని చూసి ఉంటే, ఇక్కడ చూడగానే గుర్తుపడతారు. అమ్మవారి మొహం ఉత్తరానికి ఉంటుంది. దక్షిణాన ఉండే పేదపేటల వాళ్లు "మాకు వీపు చూపిస్తుంది" అని సగం నవ్వుతూ అంటారు.

భూమధ్యరేఖ గురించి నా అభిప్రాయం నచ్చకపోవచ్చు. ఊరికి 26 కిలోమీటర్ల ఉత్తరాన 30 మీటర్ల స్తంభం, నేలమీద పసుపు గీత. ఆ గీత అసలు రేఖ కాదు, జీపీఎస్ ప్రకారం అసలు రేఖ అక్కణ్ణుంచి దాదాపు 240 మీటర్లు పక్కన ఉంది. పక్కనున్న చిన్న మ్యూజియంలో గీతకి అటు తొట్టె పెడితే నీళ్లు ఒకలా, ఇటు పెడితే ఇంకోలా సుళ్లు తిరగడం చూపిస్తారు. అది పోసేవాడి చేతివాటం, భూమి మహిమ కాదు. అంత చిన్న తొట్టెలో భూభ్రమణం ఏమీ చేయలేదు. అయినా నాన్నగారికి రెండు అర్ధగోళాల్లో చెరో కాలు పెట్టి ఫోటో దిగాలని ఉంటే రెండో రోజు మధ్యాహ్నం తీసుకెళ్లండి. 1736లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు భూమి నడుం దగ్గర ఉబ్బి ఉందా లేదా తేల్చుకోడానికి ఇక్కడికే వచ్చి ఏళ్ల తరబడి కొలతలు వేశారు, "ఈక్వడార్" అన్న పేరుకే భూమధ్యరేఖ అని అర్థం. ఆ కథ చెప్తే గీత తప్పైనా ఫోటో తప్పనిపించదు.

కేబుల్ కారు చివరి ఉదయం, అందరూ రెండు రాత్రులు బాగా నిద్రపోయి ఉంటేనే. ఆగస్టు ఎండాకాలం అక్కడ, పొద్దున్నే మబ్బులేకుండా కొతొపాక్సి మంచుకొండ కనిపించే అవకాశం ఎక్కువ, పది దాటితే తక్కువ. పైన ఇరవై నిమిషాలు చాలు. ఎవరికైనా తల తిరిగితే "కాసేపు చూద్దాం" అనకుండా కిందికి దిగిపోండి.

తిండి. స్పెల్లింగ్ వేరైనా ఊరి పేరుని అక్కడివాళ్లు "కీటో" అనే పలుకుతారు. ఆ మధ్య మన ఇళ్లలో కొబ్బరినూనె తాగించిన కీటో డైట్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇక్కడ పళ్లెంలో అన్నం, అన్నం పక్కన బంగాళాదుంప, దాని పక్కన మొక్కజొన్న. మధ్యాహ్నం ఏ చిన్న హోటల్లోనైనా "అల్ముయెర్సో" అని భోజనం ఉంటుంది: ముందు సూపు, తర్వాత అన్నం కూర, ఒక పళ్లరసం, కొద్ది డాలర్లే. సూపులోకి పాప్‌కార్న్ ఇస్తారు, గిన్నెలో వేసుకుని తినాలి. మొదట వింతగా ఉంటుంది, తర్వాత పాప్‌కార్న్ లేని సూపు చప్పగా ఉంటుంది.

అమ్మగారి విషయంలో ఒక్కటి గుర్తుపెట్టుకోండి. "కార్నె" వద్దంటే వాళ్లకి అర్థమయ్యేది గొడ్డుమాంసం వద్దని, చక్కగా కోడి తెచ్చిపెడతారు. "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అని మూడూ చెప్పాలి. లోక్రో అనే బంగాళాదుంప సూపు, పైన జున్నుముక్క, అవకాడో వేసి ఇస్తారు, అద్భుతంగా ఉంటుంది, కానీ కోడి ఉడికించిన నీళ్లతో చేశారేమో అడగండి. యాపింగాచో అనే బంగాళాదుంప టిక్కీలని చాలాచోట్ల పంది కొవ్వులో వేయిస్తారు, అదీ అడగాలి. మొక్కజొన్న పిండిని ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే ఉమీతా దొరుకుతుంది, మన పొట్టిక్క బుట్టల మాదిరి, బాగుంటుంది, కానీ పంది కొవ్వు, గుడ్డు వేశారేమో దీనికీ కనుక్కోండి. ప్రతి బల్ల మీదా "అహీ" అని కారం పచ్చడి ఉంటుంది, చెట్టు టమాటా అనే పండుతో చేస్తారు. రుచి బాగుంటుంది, కారం మాత్రం గుంటూరు నాలుక్కి తెలియనైనా తెలియదు.

రైస్ కుక్కర్ తెస్తారని నాకు తెలుసు. ఆ ఎత్తులో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అన్నం పలుకుగా ఉండిపోతుంది. నీళ్లు ఎక్కువ పోసి, నానబెట్టి వండండి, కందిపప్పు మీద ఆశ వదులుకోండి. ఆవకాయ ప్యాకెట్లు బూరెల్లా ఉబ్బుతాయి, సీసా మూత తీసేముందు కింద పేపరు పరచండి. మా అత్తగారి గోంగూర నూనె హోటలు దుప్పటి మీద ఎంత అందంగా పాకిందో నేను మర్చిపోలేను. ఇంకోటి, గాలపాగస్ విమానానికి ముందు సామాను తనిఖీ చేస్తారు, పళ్లు, గింజలు, మొలకెత్తేవి ఏవీ దీవులకి వెళ్లనివ్వరు. పల్లీలూ పప్పులూ క్విటోలోనే ఖర్చు చేసేయండి.

సాన్ ఫ్రాన్సిస్కో చౌకు నుంచి కొంచెం పైకెళ్తే అదే పేరుతో మార్కెట్ ఉంది, ఓపికుంటే అమ్మగారిని తీసుకెళ్లండి. అక్కడ మూలికలమ్మే ఆడవాళ్లు "లింపియా" చేస్తారు. జడుసుకున్న పిల్లలకీ, కళ్లు పడ్డవాళ్లకీ, ఒంట్లో బాగోనివాళ్లకీ ఆకుల కట్ట పట్టుకుని తలనుంచి కాళ్లదాకా తుడుస్తూ ఏదో గొణుగుతారు. ఆకుల్లో దురదగొండిలాంటిదొకటి ఉంటుంది, చర్మం ఎర్రగా కందుతుంది. కొందరు గుడ్డు తిప్పుతారు. మనం దిష్టి తీయడమే, ఉప్పూ ఎండుమిరపకాయలూ లేవంతే. అక్కడ ఒక ముసలావిడ ఏడుస్తున్న పసివాణ్ణి ఒళ్లో వేసుకుని ఆకులు ఆడిస్తుంటే, మా అత్తగారు భాష రాకుండానే "మూడుసార్లు తిప్పిందా?" అని నన్నడిగారు.

డబ్బు, దొంగతనాలు, కాగితాలు గబగబా చెప్పేస్తాను. 2000 నుంచి వాళ్ల కరెన్సీ అమెరికన్ డాలరే. వందనోటు చిన్న కొట్లలో ఎవరూ తీసుకోరు, యాభై కూడా కష్టం. ఒకట్లు, ఐదులు, పదులు తెచ్చుకోండి. మెట్రో 2023 డిసెంబరులో మొదలైంది, అప్పట్లో టికెట్ 45 సెంట్లు, శుభ్రంగా ఉంటుంది, సాన్ ఫ్రాన్సిస్కో స్టేషన్ చౌకులోనే. సిటీ బస్సుల జోలికి పోకండి. నా మీద ఒకసారి వెనకనుంచి ఆవపచ్చడి లాంటిదేదో పడింది, ఒక పెద్దమనిషి అయ్యో పాపం అంటూ రుమాలుతో తుడిచాడు, రెండు నిమిషాల తర్వాత చూసుకుంటే బ్యాగులో లాప్‌టాప్ లేదు. ఎవరైనా మీ మీద ఏదైనా పడిందంటే థాంక్స్ చెప్పి నడుస్తూనే ఉండండి. ఫోను రోడ్డు మీద చేతిలో ఊపుకుంటూ తిరగకండి. 2024 జనవరిలో ప్రభుత్వం ముఠాల మీద సాయుధ పోరాటం ప్రకటించింది. హింస ఎక్కువగా తీరప్రాంతంలో, గుయాకిల్ వైపు ఉంది. అత్యవసర పరిస్థితి ఉత్తర్వులు వస్తూ పోతూ ఉంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఒకసారి, బయల్దేరే వారం ఇంకోసారి అమెరికా విదేశాంగ శాఖ సూచన చదవండి.

అమ్మానాన్నలవి ఇండియన్ పాస్‌పోర్టులు కాబట్టి వీసా సంగతి ఈక్వడార్ కాన్సులేట్‌లోనే కనుక్కోండి, నాలుగైదేళ్ల కిందటి బ్లాగులు చూసి కాదు. ఈక్వడార్ యెల్లో ఫీవర్ దేశాల జాబితాలో ఉంది. అది వదిలిన ఆరు రోజుల్లోపు వాళ్లు ఇండియాలో దిగితే టీకా సర్టిఫికెట్ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు. అయితే అరవై దాటినవాళ్లకి ఆ టీకాతో ఇబ్బందులు వచ్చే అవకాశం కాస్త ఎక్కువ, కాబట్టి డాక్టరుతో మాట్లాడే వేయించండి. న్యూజెర్సీకి తిరిగొచ్చి ఇంకో రెండు వారాలు ఉండి వెళ్లేట్టయితే ఈ గొడవే లేదు.

ఆగస్టులో ఎండ చురుక్కుమంటుంది, టోపీ లేకుండా గంట తిరిగితే ముక్కు మీద తోలు ఊడుతుంది. అదే రోజు సాయంత్రం గాలికి పళ్లు కొట్టుకుంటాయి. చలేస్తే అక్కడివాళ్లు "అచచాయ్" అంటారు, వేడికి "అరరాయ్", నొప్పికి "అయయాయ్". అక్కడి ఆదివాసుల భాష కిచువా మాటలు ఇవి, మీ అమ్మగారికి ఒక్క రోజులో వచ్చేస్తాయి. నాన్నగారు స్వెటరు వద్దంటారు, గుంటూరు మగవాళ్లందరూ అంటారు. మీ బ్యాగులో పెట్టుకోండి, ఐదున్నరకి అడుగుతారు.